డిక్రీ తర్వాతి జీవితం



మా గురువుగారి పేరున ఈ ధర్మనిధి ఏర్పాటు చేసినప్పుడు ఆయన పిల్లలు ఒక షరతు పెట్టారు. ఉపన్యాసంలో నాన్నగారిని పొగడొద్దు, బతికినన్నాళ్ళూ ఆయన పట్టించుకున్న సంగతి ఏదో ఒకటి మాట్లాడండి, అది చాలు అన్నారు. పేరు ఆహ్వానపత్రం మీద ఎలాగూ ఉంది కాబట్టి ఈ గంటసేపు ఆయన్ని గురువుగారు అనే అంటాను. ఆయన పట్టించుకున్న వాటిలో నేను ఎంచుకున్నది ఇది: కేసు గెలిపించడంతో న్యాయవాది పని అయిపోతుందా? కోర్టు మెట్లెక్కిన మనిషి మళ్ళీ తేరుకుని మామూలు బతుకులో పడేలా చూడటం కూడా ఆ పనిలో భాగమా?

భాగమే అని నా నమ్మకం. డిక్రీ చేతికొచ్చిన మర్నాడు మన పార్టీ ఎవరి గుమ్మం తొక్కగలడు, ఎవరితో మాట్లాడగలడు, ఎంత అప్పుతో మిగులుతాడు? ఈ ప్రశ్నలు వకాల్తా మీద సంతకం పెట్టించుకునే రోజునే అడగాలి. దావా రాసే తీరు, నోటీసులో వాడే మాట, క్రాస్‌లో వేసే ప్రశ్న, రాజీకి సరే అనాలా వద్దా అన్న సలహా, అన్నీ ఆ జవాబులను బట్టే ఉండాలి. ఇది పార్టీ మీద జాలిపడి చేసే ఉపకారం కాదు. లిమిటేషన్ లెక్క తెలియడం మన వృత్తికి ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

భాగాల దావా ఎలా నడుస్తుందో ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు, కానీ ఒక్కసారి పార్టీ వైపు నుంచి చూడండి. ముందు ప్రిలిమినరీ డిక్రీ. ఎవరికెంత వాటా అన్నది మాత్రమే అందులో తేలుతుంది. తర్వాత ఫైనల్ డిక్రీ పిటిషను, అడ్వకేట్ కమిషనరు, సర్వేయరు, కమిషనరు రిపోర్టు మీద అభ్యంతరాలు, ఫైనల్ డిక్రీ, దాన్ని ఎక్కించడానికి స్టాంపు పేపర్లు, ఆపైన స్వాధీనం కోసం ఈపీ, అంటే డిక్రీ అమలు పిటిషను. మధ్యలో ఎవరైనా కాలం చేస్తే వారసుల్ని రికార్డు మీదికి తేవాలి. దావా వేసినాయన పోయి కొడుకులు వాయిదాలకు తిరుగుతున్న కేసులు మనందరి బీరువాల్లోనూ ఉన్నాయి. తీర్పులో తప్పుండకపోవచ్చు, ప్రతి అడుగూ చట్టప్రకారమే పడి ఉండొచ్చు. కానీ ఆ ఏళ్ళలో అన్న కూతురి పెళ్ళికి తమ్ముడు వెళ్ళలేదు. తల్లి మంచాన పడితే ఎవరింట్లో ఉండాలన్నది కూడా ఒక ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, అయి కూర్చుంది. ఆ నష్టం ఖర్చుల పట్టికలోకి ఎక్కదు. ఏ జడ్జిగారూ దాన్ని ఇప్పించలేరు.

గురువుగారు మొదటి సిట్టింగులో కాగితాలు ముట్టుకునేవారు కాదు. గుమస్తాగారు దస్తావేజుల కట్ట తెచ్చి బల్ల మీద పెడితే, దాన్ని పక్కకు జరిపి, "ముందు నువ్వు చెప్పు" అనేవారు. నేను ఆయన దగ్గర చేరిన కొత్తలో ఒకామె వచ్చింది. కాలవ కింద పల్లెటూరు, యాభై ఏళ్ళ మనిషి. తండ్రి పోయాడు. పొలమంతా అన్న చేతిలో ఉంది. వాటా అడిగితే, పెళ్ళప్పుడు పసుపు కుంకుమల కింద ఇచ్చింది చాలదా అన్నారట. ఆమె పెళ్ళి 1990లో అయింది. ఆ సంవత్సరం ఎందుకు ముఖ్యమో జూనియర్లకు చెబుతాను. కూతుళ్ళను కూడా కోపార్సెనర్లుగా గుర్తిస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. కేంద్రం అదే హక్కును దేశమంతటికీ ఇవ్వడానికి 2005 దాకా పట్టింది. అయితే మన రాష్ట్ర సవరణలో, ఆ తేదీకి ముందే పెళ్ళయిన ఆడపడుచులను మినహాయించారు. ఈమెది తర్వాతి పెళ్ళి. చట్టం ఆమె వైపు గట్టిగా ఉంది. దావా వేస్తే గెలుస్తుంది. అక్కడితో మన పని సులువే.

ఆమె మాత్రం వాటా సంగతి రెండు ముక్కల్లో చెప్పి, మిగతా సేపంతా తండ్రి సంవత్సరీకానికి తనను పిలవలేదని చెప్పుకొచ్చింది. ఎవరెవర్ని పిలిచారో, ఎవరి ద్వారా తనకు తెలిసిందో, ఆ రోజు తాను ఇంట్లో ఏం వండిందో కూడా చెప్పింది. గురువుగారు ఆపలేదు. అంతా అయ్యాక ఒకటే అడిగారు. "రేపు కోర్టు నీ వాటా నీకు ఇప్పించిందనుకో తల్లీ. ఎల్లుండి మీ ఊరు వెళ్తే ఎవరింట్లో దిగుతావు?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "అన్నయ్య ఇంట్లోనే దిగాలని ఉంటుంది కదండీ" అంది.

గుమస్తాగారు ఉండబట్టలేక, "అయితే పొలం వద్దంటావా అమ్మా?" అన్నారు.

ఆమె చురుగ్గా తలెత్తింది. "పొలం ఎందుకొద్దండీ? అది మా నాన్నది కాదూ?"

ఆ రెండు జవాబులూ నిజమే. ఒకదాని కోసం రెండోది వదులుకోమని చెప్పే హక్కు మనకు లేదు. ఆస్తి మాటెత్తకు, పుట్టిల్లు దక్కుతుంది అనే పెద్దలు మన ఊళ్ళలో ఎప్పుడూ ఉన్నారు. అలాంటి మాటల మీదే ఎందరో ఆడపడుచులు హక్కు విడుదల పత్రాల మీద సంతకాలు చేశారు. దావా పడెయ్యండి, మిగతాది తర్వాత చూద్దాం అనే వకీళ్ళూ ఉన్నారు. గురువుగారు ఈ రెండు దారులూ పట్టలేదు.

నోటీసు డ్రాఫ్టు నన్ను రాయమన్నారు. మన ఆఫీసుల్లో తరతరాలుగా నడిచే ఫారం ప్రకారం రాశాను. మీరు దురుద్దేశంతో, అన్యాయార్జన కోసం, నా క్లయింటును మోసగించే కుట్రతో, ఇలా. ఆయన ఎర్ర పెన్ను తీసి ఒక్కొక్క మాటా కొట్టుకుంటూ వచ్చారు. సర్వే నంబర్లు ఉంచారు, వాటా ఎంతో ఉంచారు, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో ఉంచారు, ఇవ్వకపోతే దావా వేస్తామన్నదీ ఉంచారు. ఆమె హక్కు సెంటు భూమి కూడా తగ్గలేదు. నింద మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఇంగ్లీషు తీసేసి తెలుగులో మళ్ళీ రాయించారు. చివర ఒక వాక్యం చేర్చారు: మీ వకీలుగారితో కలిసి మా ఆఫీసుకు వచ్చినా, మమ్మల్ని అక్కడికి రమ్మన్నా సంతోషమే అని. తర్వాత ఆమెను పిలిచి మొత్తం చదివి వినిపించారు. ఒకచోట ఆమె, "అన్నయ్యకి ఈ మాట అక్కర్లేదేమోనండీ" అంటే అదీ తీసేశారు.

అన్న వచ్చాడు. ఆ మాటల్లో బయటపడిన సంగతులు ఏ ప్లెయింటులోకీ వచ్చేవి కావు. తండ్రి ఆసుపత్రి ఖర్చుకు ఆయన పొలం మీద అప్పు తెచ్చాడు. ఆ సంగతి చెల్లెలికి తెలియదు. వాటా అడగబోతోందని ముందే ఎవరో చెవిన వేస్తే, సంవత్సరీకానికి పిలవడం మానేశాడు. చివరికి ఆమె వాటా ఆమె పేరున రిజిస్టరయింది. ఇన్నాళ్ళ ఫలసాయం ఆమె వదులుకుంది, ఆసుపత్రి ఖర్చులో వాటా అడగనని ఆయన ఒప్పుకున్నాడు. ఆమె భూమిని ఆయనే కౌలుకు తీసుకున్నాడు. కౌలు ఎంత, ఏ నెలలో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏమిటి అన్నదంతా గురువుగారు కాగితం మీద పెట్టించారు. అన్నాచెల్లెళ్ళ మధ్య కౌలుకాగితం ఎందుకండీ అని అన్న అంటే, మీరు అన్నాచెల్లెళ్ళుగా ఉండాలనే అన్నారు ఆయన.

దావా వేసి ఉంటే ఏమయ్యేది? రిటన్ స్టేట్‌మెంటు మొదటి పేరాలోనే, ప్లెయింటులో ఉన్న ప్రతి విషయాన్నీ ఖండిస్తున్నాం అని అన్న సంతకం పడేది. ఆ అప్పు సంగతి బయటికొచ్చినా ఆమె వైపు నుంచి మనం దాన్ని కల్పితం అనేవాళ్ళం. ఒకరి గోడు రెండోవాళ్ళ చెవిన పడే అవకాశమే మన ప్లీడింగుల పద్ధతిలో లేదు. వినడం కూడా న్యాయవాది నైపుణ్యమే అని నేను అంటున్నది అందుకే. విన్నప్పుడే అసలు తగాదా ఎక్కడుందో తెలుస్తుంది.

ఈ పని మన వృత్తిలో కొత్తది కాదు. 1893లో పోర్‌బందరు మెమన్ వర్తకుడు దాదా అబ్దుల్లా కంపెనీ తరఫున ఒక యువ బారిస్టరు ఏడాది పని మీద దక్షిణాఫ్రికా వెళ్ళాడు. ప్రిటోరియాలో ఉన్న తయ్యబ్ సేఠ్ మీద 40,000 పౌండ్ల దావా అది. వాదిప్రతివాదులు బంధువులు, ఒకే ఊరివాళ్ళు. గాంధీ అక్కడ వాదించడానికి వెళ్ళలేదు. గుజరాతీ లెక్కలు, ఉత్తరాలు చదివి పెద్ద వకీళ్ళకు కేసు బోధపరచడం ఆయన పని. ప్రామిసరీ నోటును పొట్టిగా ఏమంటారో కూడా అప్పటికి తెలియదు. జమాఖర్చుల పుస్తకం కొనుక్కుని లెక్కలు నేర్చుకున్నాడు. ఇది ముఖ్యం. రాజీ గురించి మాట్లాడక ముందు ఆయన కేసును లోతుగా చదివాడు, తన క్లయింటు పక్షం బలమైనదని తెలుసుకున్నాడు. చట్టం తెలియనివాడు చేసే రాజీ వేరు, గెలుస్తానని తెలిసినవాడు చేసే రాజీ వేరు.

రెండు వైపులా వకీళ్ళ ఫీజులు పెరిగిపోతుంటే, ఇద్దరూ మునిగిపోతారని గాంధీ ఇద్దర్నీ మధ్యవర్తి తీర్పుకు ఒప్పించాడు. దాదా అబ్దుల్లాయే గెలిచాడు. దాదాపు 37,000 పౌండ్లు, ఖర్చులు అదనం. మామూలు వకీలు పని అక్కడితో అయిపోయింది. గాంధీ పని అక్కడే మొదలైంది. అంత మొత్తం ఒక్కసారి కట్టాలంటే తయ్యబ్ సేఠ్ దివాలా తియ్యాలి. ఆ వర్తకుల్లో దివాలా అంటే చావుతో సమానం. అందుకని గెలిచిన తన క్లయింటు దగ్గరికే వెళ్ళి, వాయిదాల మీద తీసుకొమ్మని బతిమాలాడు. మధ్యవర్తిత్వానికి ఒప్పించడం కంటే ఇదే కష్టమైందని ఆత్మకథలో రాసుకున్నాడు. వాయిదాలు ఎన్నో ఏళ్ళకు పరచి ఇచ్చారు. ఇద్దరి పరువూ నిలిచింది. ఆ తర్వాత తన ఇరవై ఏళ్ళ ప్రాక్టీసులో ఎక్కువ భాగం ఇలా వందల కేసుల్లో రాజీలు కుదర్చడంతోనే గడిచిందని, దానివల్ల డబ్బు కూడా నష్టపోలేదని ఆయన చెప్పాడు. గెలిచిన క్లయింటును నిగ్రహించడం ఓడిన క్లయింటును ఓదార్చడం కంటే కష్టమన్నది ఈపీ వేసిన ప్రతి వకీలుకీ తెలుసు.

మన కాలంలో ఈ ఆలోచనకు శాస్త్రం రూపం ఇచ్చింది ఎక్కువగా అమెరికా వాళ్ళే. కోర్టు పోట్లాటకు పేరుపడిన దేశంలోనే దానికి విరుగుడు కూడా వెతికారు. 1984లో అక్కడి ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ అమెరికన్ బార్ అసోసియేషన్ సభలో, కోర్టు హాలు పోటీ మత్తులో పడి, తగాదాల గాయాలు మాన్పవలసినవాళ్ళం మనమేనని మరిచిపోయాం అన్న అర్థంలో మాట్లాడారు. మూడేళ్ళకు డేవిడ్ వెక్స్‌లర్ అనే ప్రొఫెసరు ఒక ప్రశ్న వేశారు: చట్టం, కోర్టు పద్ధతి, వకీలు ప్రవర్తన, ఇవి మనిషి మనసుకు మేలు చేస్తున్నాయా, కీడు చేస్తున్నాయా అని పరిశీలించి చూడకూడదా? బ్రూస్ వినిక్‌తో కలిసి ఆయన ఆ ఆలోచనను పెద్ద అధ్యయన రంగంగా పెంచారు. 1989లో మయామీలో మత్తుమందుల కేసులకు ప్రత్యేక కోర్టు మొదలైంది. అక్కడ జడ్జి నిందితుణ్ణి జైలుకు పంపే ముందు చికిత్సకు పంపి, మళ్ళీ మళ్ళీ పిలిపించి ఎలా ఉన్నావని అడుగుతాడు.

వీటన్నిటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది మినియాపొలిస్‌లోని ఒక కుటుంబ న్యాయవాది పని. స్టూ వెబ్ అనే ఆయన విడాకుల కేసుల్లో ఏళ్ళ తరబడి కొట్లాడి విసిగిపోయి, 1990 జనవరి 1న ఇక నుంచి కోర్టుకు వెళ్ళను, రాజీ చర్చలకు మాత్రమే క్లయింట్ల తరఫున ఉంటాను అని ప్రకటించుకున్నారు. ఆ పద్ధతి ఆయువుపట్టు ఒక్క షరతులో ఉంది. ఇరుపక్షాల వకీళ్ళూ ముందే ఒప్పందం రాసుకుంటారు: చర్చలు విఫలమై ఎవరైనా కోర్టుకెక్కితే ఇద్దరు వకీళ్ళూ తప్పుకోవాలి, పార్టీలు కొత్తవాళ్ళను పెట్టుకోవాలి. దాంతో చర్చల్లో విన్నదాన్ని రేపు క్రాస్‌లో వాడుకుందామనే ఆశ ఎవరికీ ఉండదు. రాజీ కుదిరితే తప్ప వకీలుకు ఆ కేసులో ముందుకు పని లేదు. మనిషి మంచితనం మీద భారం వెయ్యకుండా పద్ధతినే అలా కట్టడం నాకు నచ్చింది. పల్లెటూరి బార్‌లో ఇది యథాతథంగా నడవకపోవచ్చు. ఇద్దరు వకీళ్ళకు ఫీజు ఇచ్చుకుని, మళ్ళీ ఇంకో ఇద్దరికి ఇచ్చుకునే స్తోమతు మన పార్టీలకు లేదు. కానీ కుటుంబ తగాదాల్లో చర్చల్లో వచ్చిన మాట కోర్టులో ఎత్తకూడదని ఇద్దరు వకీళ్ళం రాసుకుని సంతకాలు పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు.

ఇక మన చట్టాలు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కేసులను కోర్టు బయట పరిష్కారానికి పంపే 89వ సెక్షన్ 2002 జూలై నుంచి సీపీసీలో అమల్లోకి వచ్చింది. 2023లో మీడియేషన్ చట్టం వచ్చింది. మధ్యవర్తి ముందు జరిగిన సంభాషణను గోప్యంగా ఉంచాలని ఆ చట్టం చెబుతుంది. 120 రోజుల గడువు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఇంకో 60 రోజులు. అంటే సాధనాలకు కొదవ లేదు.

వాటిని వాడే తీరు గురించి మాత్రం నా మనసులో మాట చెప్పాలి. అప్పీలు లేని అవార్డు మీద సంతకం పెట్టించే ముందు పార్టీకి దాని అర్థం పూర్తిగా తెలియాలి. లోక్ అదాలత్ రోజున హాలు కిటకిటలాడుతుంటుంది, ఎన్ని కేసులు తేలాయన్న లెక్క సాయంత్రానికి పైకి పంపాలి. ఆ హడావిడిలో, "ఇక్కడ సంతకం పెట్టు, వాయిదాల బాధ వదులుతుంది" అని మనమే పార్టీని నెట్టిన సందర్భాలు మన బార్‌లో లేవని ఎవరూ అనలేరు. అలా తేలిన కేసుకు మానిన గాయమని పేరు పెట్టలేం. పార్టీకి ఒకరోజు ముందే ఆఫీసులో నిబంధనలన్నీ తెలుగులో చదివి వినిపించి, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రమ్మనాలి.

2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక దాంపత్య కేసులో తీర్పు ఇచ్చింది. కుటుంబ న్యాయస్థానాలు మొదట్లోనే మధ్యవర్తిత్వానికి ప్రయత్నించాలని, భార్యను వేధించారనే 498ఎ కేసుల్లో కూడా రాజీకి ఆస్కారం కనిపిస్తే క్రిమినల్ కోర్టులు పక్షాలను మీడియేషన్ కేంద్రాలకు పంపవచ్చని చెప్పింది. ఆ తీర్పును అందరూ ఈ ఆదేశాల కోసమే ఉదహరిస్తారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించే మాట ఇంకోటి అందులో ఉంది. ఆధారం లేని, పరువు తీసే నిందలను నోటీసుల్లో, ఫిర్యాదుల్లో, ప్లీడింగుల్లో రాస్తే అది కూడా కేసు పరిస్థితులను బట్టి మానసిక క్రూరత్వం కావచ్చని కోర్టు చెప్పింది. ఆ ప్లీడింగులు రాసేది ఎవరు? భార్య చెప్పని మాట, భర్తకు తట్టని నింద మన డిక్టేషన్‌లో పుట్టి, సర్టిఫైడ్ కాపీగా ఆ ఇంటికి చేరుతుంది. రేపు వాళ్ళ పిల్లలు పెద్దయి ఆ కాపీ చదువుతారు. గురువుగారి ఎర్ర పెన్ను ఎంత పని చేసిందో ఆ తీర్పు చదివినప్పుడు నాకు ఇంకా బాగా తెలిసింది.

ఇప్పటిదాకా చెప్పినదంతా విని, ఈయన ప్రతి కేసులోనూ రాజీ పడమంటున్నాడు అనుకుంటే నా మాట తప్పుదారి పట్టినట్టే. దెబ్బలు తిన్న భార్య మన దగ్గరికి వస్తే, ఈ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది అన్నది మొదటి ప్రశ్న. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, నివాస ఉత్తర్వు తెచ్చి ఆమె భద్రంగా ఉన్నాకే ఇంకే మాటయినా. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. పక్కన అన్నో మేనమామో ఉంటే, సర్దుకుపోతానండీ అనే మాటే వస్తుంది. అత్యాచారం కేసుల్లో రాజీ అన్న ఆలోచనే పనికిరాదని సుప్రీంకోర్టు 2015లో స్పష్టంగా చెప్పింది. ఊరి పెద్దమనుషుల పంచాయితీని తలుచుకుని, అప్పట్లో తగాదాలు ఎంత బాగా తీరేవో అని మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ అరుగు మీద ఆడమనిషికి చోటు లేదు, మాల మాదిగలు కింద నిలబడి వినేవారు. 2023 చట్టంలో కమ్యూనిటీ మీడియేషన్ అనే ఏర్పాటు ఉంది, ముగ్గురు మధ్యవర్తులతో. అది మళ్ళీ ఆ అరుగు కాకుండా చూసుకోవలసింది మనమే.

చుండూరును మరిచిపోయి ఈ విషయం మాట్లాడటం నాకు చేతకాదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. అలాంటి చోట రాజీ అంటే ఏమిటి? చంపినవాళ్ళ పక్కింట్లో నోరు మూసుకుని బతకడం. ఆ బాధితుల కేసు విచారణకు ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టారు. తమ మనుషుల్ని చంపిన ఊళ్ళోనే, పోలీసు కాపలా మధ్య, జడ్జి ఎదుట సాక్షులు నిలబడి పేర్లు చెప్పారు. 2007 జూలై 31న అక్కడే శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ గాయం అలాగే ఉంది. అయినా విచారణనే ఊళ్ళోకి తేవడం అన్న ఆలోచన ఉందే, బాధితుల చుట్టూ న్యాయవ్యవస్థను తిప్పిన సందర్భాల్లో అంత గొప్పది నాకు ఇంకోటి కనపడదు. చుండూరుకు ఆరేళ్ళ ముందు కారంచేడులో దళితులను చంపినప్పుడు బొజ్జా తారకంగారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. పోలీసులు అరెస్టు చేస్తే ఏం చెయ్యాలో మామూలు మనిషికి తెలుగులో పుస్తకం రాసి చెప్పిందీ ఆయనే. తన హక్కు తెలిసిన మనిషికి సగం భయం పోతుంది. మనిషిని తేరుకునేలా చెయ్యడమంటే నా ఉద్దేశంలో తారకంగారి పోరాటం కూడా వస్తుంది. ఎక్కడ కూర్చోబెట్టి మాట్లాడాలో, ఎక్కడ చివరిదాకా కొట్లాడాలో తెలుసుకోవడమే ఇందులో అన్నిటికంటే కష్టమైన పని. దానికి ఫారం లేదు.

మన గురించి కూడా రెండు మాటలు. 2016లో అమెరికాలో దాదాపు 13,000 మంది న్యాయవాదులను పరిశీలిస్తే నూటికి 28 మందిలో కుంగుబాటు లక్షణాలు, అయిదో వంతు మందిలో తాగుడు సమస్య కనిపించాయి. రోజంతా ఇంకొకరి కోపాన్ని మోసి, మన గొంతుతో దాన్ని పలికి, సాయంత్రానికి అది మన ఒంట్లో మిగలకుండా ఉండదు. మన బార్‌లో బీపీ, సుగరు మందులు వాడేవాళ్ళు చేతులెత్తమంటే ఈ హాల్లో ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలుసు. జూనియర్ల సంగతి ఇంకా కష్టం. సీనియరు కేకలు, చేతిలో పైసా లేకపోవడం, ఇంటి దగ్గర ఎప్పుడు సంపాదిస్తావన్న ప్రశ్న. తనకే ఊపిరాడనివాడు పార్టీ గోడు ఎలా వింటాడు?

ఇందులో ఫీజు సంగతి తప్పించుకోలేం. వాయిదాకు ఇంత అని తీసుకునే వకీలుకు వాయిదాలు తగ్గితే బువ్వ తగ్గుతుంది. అలాంటివాడికి రాజీ గురించి ఎంత చెప్పినా ఉపయోగం లేదు. గురువుగారు మొదటిరోజే కేసు మొత్తానికి ఫీజు మాట్లాడుకునేవారు. దావా పడక ముందే తగాదా తీరినా ఫీజు అంతే అని ముందే చెప్పేవారు. ఎందుకండీ అంత, కోర్టుకే వెళ్ళలేదు కదా అని ఎవరైనా అంటే, అందుకేనయ్యా అనేవారు. ఆయన ఇల్లు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించారు, ఈ నిధికి మూలధనం మిగిల్చారు. సీనియర్లు ఈ పద్ధతి పెట్టుకుంటే జూనియర్లకు నెల జీతం లాంటిది ఇవ్వడం కూడా వీలవుతుంది.

చివరగా ఈ నిధి గురించి. లా కాలేజీల్లో ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం తప్పనిసరి ప్రాక్టికల్ పేపరే. అయినా మన జూనియర్లలో నిజమైన మధ్యవర్తిత్వం కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. మీడియేటర్ల శిక్షణ మామూలుగా 40 గంటలు. వచ్చే ఏడాది నుంచి ఈ నిధి వడ్డీలో సగం ఆ శిక్షణకు పెట్టాలని కుటుంబ సభ్యుల్ని అడిగాను, వెంటనే ఒప్పుకున్నారు. శని, ఆదివారాల్లో లైబ్రరీ పక్క గదిలో పెట్టుకోవచ్చు. బల్ల ఒకటి గుండ్రంది కావాలి, తలుపు మూసుకునేలా ఉండాలి, మంచినీళ్ళు ఉండాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు. పేర్లు లైబ్రేరియన్‌గారి దగ్గర రాయించండి. మన గుమస్తాలను కూడా ఆ తరగతుల్లో కూర్చోనివ్వాలని అసోసియేషన్‌కు నా మనవి. పార్టీ కష్టం మోసుకుని ఆఫీసు గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు మాట్లాడేది వాళ్ళే.